సూది మన చేతిలో, సంతకం వాళ్ల చేతిలో

(మే 12 నర్సుల దినం నాడు జమ్మలమడుగులో ఏ.ఎన్.ఎం.లు, నర్సులు, వాళ్ల ఇండ్లోళ్లు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమని పిలిచినప్పుడు ముందు వద్దన్నాము. మేము బడిపంతుళ్లము. సుద్దముక్క పట్టుకునే వాళ్లమే గాని సూది పట్టుకునే వాళ్లము కాదు. దానికి ఒక చెల్లెలు, "మీ దగ్గర చదువుకున్న పిల్లలే గదా సార్ ఈపొద్దు సబ్‌సెంటర్లలో ఉండేది, మీరే వచ్చి సమాధానం చెప్పండి" అన్నది. ఆమె అడిగింది సమాధానం, ప్రసంగం కాదు. కాబట్టి మాకు చేతనైన కాడికి సమాధానమే చెప్తాము.

మన పల్లెల్లో వెనక కాన్పు చేసింది ఎవరు? మంత్రసాని. ఆమె ఎక్కడి నుంచి వచ్చేది? చాలా ఊర్లలో మాదిగ గేరి నుంచి, కొన్ని ఊర్లలో చాకలి, మంగలి ఇండ్ల నుంచి. పెద్దింట్లో బిడ్డ అడ్డం తిరిగితే అర్ధరాత్రి లాంతరు పట్టుకొని గేరికి వచ్చి పిలుచుకపోయేవాళ్లు. బొడ్డు కోసేదాకా ఆమె చెయ్యి కావల్ల. బొడ్డు కోసినాక ఆమె కూర్చున్న చోట పేడనీళ్లు చల్లి, పెరటి దోవన పంపేవాళ్లు. చేటలో ఇన్ని జొన్నలు, ఒక పాత చీర, అంతే. ప్రాణం నిలబెట్టిన చెయ్యి మైల చెయ్యి అయింది. ఆమె జ్ఞానానికి పేరు లేదు, లెక్క లేదు, ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

తరువాత మిషన్ల కాలం వచ్చింది. ఈ ఊర్లోనే లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రి మీకందరికీ తెలుసు. నంద్యాలలో ఎస్.పి.జి. మిషన్ వాళ్లు ఆసుపత్రి నడిపినారు. నర్సు పని అంటే చీము, నెత్తురు, మలమూత్రాలు ముట్టుకునే పని. అగ్రవర్ణాల వాళ్లు తమ ఆడబిడ్డలను ఆ పనికి పంపలేదు. మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చిన మన మాల, మాదిగ ఆడబిడ్డలు పోయినారు. తెల్లచీర కట్టినారు. మన వాడల్లోకి నెలజీతం తెచ్చిన మొదటి మనుషుల్లో వాళ్లున్నారు. మాతో పాటు ఇక్కడ కూర్చున్న చాలామంది మొదటి తరం గ్రాడ్యుయేట్ల చదువు వెనక ఒక నర్సమ్మ జీతముంది. ఈ మాట మన ఉద్యమ చరిత్రలు రాసేవాళ్లు పెద్దగా రాయరు.

అప్పుడు మేట్రన్ కుర్చీలో దొరసాని ఉండేది. దొరసానులు పోయినారు. సర్కారు ఆసుపత్రులు పెరిగినాయి. 1956లో కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది, 2006లో కడపకు రిమ్స్ వచ్చింది. నర్సు ఉద్యోగానికి స్కేలు వచ్చింది, పెన్షన్ వచ్చింది. ఇక్కడొక విచిత్రం చూడండి. జీతం పెరిగే కొద్దీ ఆ పనిలో మైల తగ్గుతూ వచ్చింది! నిన్నటి దాకా మా బిడ్డ ఆ పని చెయ్యదన్న ఇండ్ల నుంచే ఈపొద్దు అప్లికేషన్లు వస్తున్నాయి. రానీ. పనిలో మైల లేదని వాళ్లు ఒప్పుకోవడం మంచిదే. పని పంచుకున్నోళ్లు కుర్చీలు గూడా పంచుతున్నారా అన్నదే మా ప్రశ్న.

ఏ పెద్దాసుపత్రికైనా పోండి. గేటు దగ్గర మొదలుపెట్టి లోపలికి నడుస్తూ కులం అడక్కుండానే ఒక లెక్క తీయండి. చీపురు పట్టుకున్నది ఎవరు? స్ట్రెచర్ తోసేది ఎవరు? ఆయా ఎవరు? అందరూ మనోళ్లే. వార్డులో స్టాఫ్ నర్సుల్లో మనోళ్లు కనబడతారు. హెడ్ నర్సుల దగ్గరికి వచ్చేసరికి పలచబడతారు. నర్సింగ్ సూపరింటెండెంట్ గది దగ్గర ఇంకా పలచబడతారు. సూపరింటెండెంట్ గది, టెండర్ల కమిటీ, మందుల కొనుగోళ్లు... అక్కడ మన ఆడమనిషి కనబడితే మాకు కబురు చెయ్యండి, దండ పట్టుకొని వస్తాము. ఇక కర్నూలు ఎన్.ఆర్.పేట వీధుల్లో ఉండే ప్రైవేటు ఆసుపత్రుల సంగతి చెప్పేది లేదు. అక్కడ రిజర్వేషనూ లేదు, అడిగే నాథుడూ లేడు.

"మేనేజ్‌మెంట్ అంటే వేరే తెలివి గావల్ల, మీ ఆడోళ్లకు లెక్కాడొక్కా తెలీదు" అంటారు. ఈ మాట మీద మేము కొంచెం నిలబడాల్సి ఉంది.

సర్కారు లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్. ఆ 5,000 మందిలో ఎవరు కడుపుతో ఉన్నారు, ఎవరికి రక్తం తక్కువ, ఏ బిడ్డకు ఏ తేదీన ఏ టీకా పడల్ల, ఇవన్నీ ఒక ఏ.ఎన్.ఎం. తలకాయలో ఉంటాయి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండల్ల. ఎండాకాలం మన కడప ఎండలో ఆ డబ్బా మోసుకొని ఊరూరా తిరిగి, మందు చెడకుండా, లెక్క తప్పకుండా సాయంత్రానికి తిరిగి తెస్తుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు జనం సుగ్గికి పోతారు. గుంటూరు మిరపకాయల కోతకు పోయిన కుటుంబంలో పసిబిడ్డకు రెండో డోసు ఎప్పుడు, వాళ్లు తిరిగి వచ్చేది ఎప్పుడు, అది కూడా ఈమే గుర్తు పెట్టుకోవల్ల. 2020 ఏప్రిల్‌లో కర్నూలు పేరు చెప్తేనే రాష్ట్రమంతా జడుసుకున్న రోజుల్లో ఇల్లిల్లూ తిరిగింది ఎవరు? ఎవరి ఇంట్లో జ్వరం, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినారు అని రాసుకున్నది ఎవరు?

మనుషులు, మందులు, లెక్కలు, సమయం, అన్నీ ఒక్క చేత్తో నడపడం ఇది. ఇదే పని ఎన్.ఆర్.పేటలో టై కట్టుకొన్న పిల్లవాడు ఏసీ గదిలో కూర్చొని చేస్తే దాన్ని మేనేజ్‌మెంట్ అంటారు. మన అక్క చేస్తే ఫీల్డు పని అంటారు. మంత్రసాని జ్ఞానానికి ఏ గతి పట్టిందో ఈ జ్ఞానానికీ అదే గతి పడుతున్నాది.

మాకు చిన్నమ్మ వరుసయ్యే ఒకామె 33 ఏండ్లు ఏ.ఎన్.ఎం.గా, సూపర్‌వైజరుగా చేసి రిటైరయింది. మొత్తం సర్వీసులో ఒక్క ప్రమోషన్. ఆమె పని చేసిన ఆరోగ్య కేంద్రానికి కాలేజీ నుంచి నేరుగా కుర్ర డాక్టర్లు వచ్చేవాళ్లు. ఇండెంటు ఎట్ల రాయల్ల, నెల రిపోర్టు ఎట్ల కట్టల్ల, సర్పంచు గొడవకు వస్తే ఎట్ల సర్దల్ల, అన్నీ ఆమే నేర్పేది. వాళ్లలో ఒకాయన తరువాత పెద్ద ఆఫీసరు అయినాడు. మంచివాడే, ఆమె రిటైర్మెంటు సభకు వచ్చి శాలువా కప్పి, "నాకు పని నేర్పింది ఈ అమ్మే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. మేమూ కొట్టినాము. ఇంటికొస్తూ దోవలో ఆమె మమ్మల్ని అడిగింది: "నేర్చుకున్నోడు పై తరగతికి పోయి, నేర్పినోళ్లు ఆడనే ఉంటే, అదేం బడిరా నాయనా?"

పాతికేండ్లుగా పాఠాలు చెప్తున్నాము, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయినాము.

చిన్నమ్మ సర్వీసు రిజిస్టరు మేము తరువాత చూసినాము. ఒక బదిలీ ఎంట్రీ మూడేండ్లు ఆలస్యంగా ఎక్కించినారు. ఆ మూడేండ్లలో ఆమె కంటే వెనక చేరినోళ్లు సీనియారిటీ లిస్టులో ముందుకు పోయినారు. ఎందుకు అడగలేదు చిన్నమ్మా అంటే, "అడిగితే కోపం చేసుకుంటారని" అన్నది. 5,000 మందిని నడిపిన మనిషి ఒక గుమాస్తా కోపానికి భయపడింది. ఆ భయం ఆమె పుట్టుకతో వచ్చింది కాదు, పెరటి దోవన పంపిన కాలం నుంచి వస్తున్నది.

ఇక మా తప్పు. దీనికోసమే పిలిచినారు కాబట్టి దాటెయ్యము.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో పదో తరగతి పాసైన మన ఆడపిల్ల వచ్చి ఏం చదవల్ల సార్ అని అడిగితే, చెనక్కాయ పంట పోయిన ఇల్లు, పెళ్లి చేస్తామని తొందరపడే తండ్రి, ఇవన్నీ చూసి, "ఏ.ఎన్.ఎం. చెయ్యి పాపా, తొందరగా ఉద్యోగం వస్తాది" అనేవాళ్లము. ఇంటర్ వొకేషనల్లో ఎం.పి.హెచ్.డబ్ల్యు. కోర్సు వచ్చినాక ఇంకా సులువైంది, దాంట్లోకి తోసినాము. పెద్ద మేలు చేసినామనుకున్నాము. కొంత మేలు నిజమే, ఎన్ని ఇండ్లల్లో ఆ జీతంతోనే పొయ్యి వెలిగింది. అయితే మేము చూడనిది ఒకటుంది. ఏ.ఎన్.ఎం. ఒక నిచ్చెన, మూడేండ్ల జి.ఎన్.ఎం. ఇంకో నిచ్చెన, నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగ్ మరో నిచ్చెన. ఏ.ఎన్.ఎం. నిచ్చెన మీద నుంచి ఇంకో నిచ్చెన మీదికి దూకడానికి మళ్లీ కింద నుంచి మొదలుపెట్టల్ల. మొదటి నిచ్చెనకు రెండు మూడు మెట్లే.

బైపీసీ తీసుకుంటానని ఏడ్చిన ఒక పాపను మేమే ఏ.ఎన్.ఎం.కు పంపినాము. ఇరవై ఏండ్లు దాటింది ఆమె సర్వీసు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లను వెల్‌నెస్ సెంటర్లు చెయ్యడం మొదలైనాక బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన వాళ్లను తెచ్చి పైన పెట్టినారు. ఈమె ఇరవై ఏండ్లు నడిపిన సెంటర్లో నిన్న మొన్న కాలేజీ విడిచిన పిల్ల ఇప్పుడు పెద్ద. ఆ పిల్ల తప్పు లేదు, ఆ పిల్ల కూడా మన పిల్లే కావచ్చు. కింద చూస్తే, 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు గ్రేడ్-3 అని పాత ఏ.ఎన్.ఎం. మెట్టుకు దిగువన ఇంకొక మెట్టు కట్టినారు. ఒక పెండ్లిలో కలిసినప్పుడు ఆ పాప, ఇప్పుడు పాప ఏముంది, ఇద్దరు బిడ్డల తల్లి, నవ్వుతూనే అన్నది: "ఆపొద్దు ఇంకో రెండేండ్లు ఆగు అని మా నాయనకు చెప్పింటే బాగుండు సార్." ఈ సభకు మమ్మల్ని పిలిచింది ఆమే.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిన మోసం కాదు. 1972లో బొంబాయిలో మన పిల్లలు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అమెరికా నల్లజాతి పాంథర్లను చూసే. నల్లవాళ్ల పోరాటం మనకు పరాయిది కాదు. కాబట్టి ఆ జాతి ఆడవాళ్ల ఆసుపత్రి కథ కూడా వినండి.

1948లో ఇంగ్లండులో సర్కారు వైద్యం, నేషనల్ హెల్త్ సర్వీసు, మొదలైంది. పని చేసేవాళ్లు చాల్లేదు. కరీబియన్ దీవుల నుంచి నల్ల ఆడపిల్లలను పిలిపించినారు. అక్కడా నర్సులకు రెండు నిచ్చెనలు. మూడేండ్ల చదువుతో స్టేట్ రిజిస్టర్డ్ నర్సు అయితే సిస్టరు, మేట్రన్ దాకా పోవచ్చు. రెండేండ్ల చదువుతో స్టేట్ ఎన్‌రోల్డ్ నర్సు అయితే మంచం పక్కనే మొదలు, మంచం పక్కనే ఆఖరు. సముద్రం దాటి వచ్చిన ఆ పిల్లల్లో చాలామందిని, అర్హత ఉన్నోళ్లను కూడా, రెండేండ్ల కోర్సులోకే తోసినారు. వాళ్లకు రెండింటికీ తేడా ఉందని కూడా చెప్పలేదు. తీరా తిరిగి సొంత దేశం పోదామంటే చాలాచోట్ల ఆ సర్టిఫికెట్టు చెల్లలేదు. ఎవరో తెల్లదొర చేసిన పని అది. ఇక్కడ అదే పనిని ప్రేమతో మేము చేసినాము. ఫలితంలో తేడా ఏముంది?

గయానా నుంచి వచ్చిన డాఫ్నీ స్టీల్ అనే ఆమె 1964లో ఇల్క్‌లీ పట్టణంలో ఒక ఆసుపత్రికి మేట్రన్ అయింది. ఆ సర్వీసు మొత్తంలో మొదటి నల్ల మేట్రన్. ఆ ఒక్క కుర్చీకి 16 ఏండ్లు పట్టింది. పోనీ తరువాతైనా మారిందా? 2014లో రోజర్ క్లైన్ అనే పరిశోధకుడు లండన్ లెక్క తీసినాడు. అక్కడి ఆరోగ్య సిబ్బందిలో నల్లవాళ్లు, ఆసియావాళ్లు లాంటి వాళ్లు 41 శాతం దాకా ఉంటే, ఆసుపత్రులను నడిపే బోర్డుల్లో 8 శాతం. ఆయన ఆ నివేదికకు మంచు శిఖరాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు, కింద రంగురంగుల నేల, పైన తెల్లటి మంచు అని. మన ఎర్రమలకు, నల్లమలకు మంచు పడదు గాని, మన ఆసుపత్రుల శిఖరాల మీద పడినట్టే ఉంది.

ఆ లెక్క వచ్చినాక 2015 నుంచి అక్కడ ఒక పద్ధతి పెట్టినారు. పై మెట్లలో ఎంతమంది ఉన్నారో ఆరోగ్య సంస్థలు ఏటా కులం గాదు గాని జాతి వారీగా లెక్క తీసి బయటపెట్టల్ల. లెక్క బయటపెడితేనే అంతా మారిపోదు. కాని బయటపెట్టకపోతే అడగడానికి కూడా ఏమీ ఉండదు.

అమెరికాలో 1879లోనే మేరీ మహోనీ శిక్షణ పొందిన మొదటి నల్ల నర్సుగా బయటికి వచ్చింది. అంతకు ముందు అదే ఆసుపత్రిలో వంట చేసింది, బట్టలు ఉతికింది. 1908లో నల్ల నర్సులు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘానికి అధ్యక్షురాలైన ఎస్టెల్ ఆస్‌బోర్న్ 1931లో మాస్టర్స్ డిగ్రీ తీసుకుంది, నల్ల నర్సుల్లో మొదటిది. తరువాత సెయింట్ లూయిస్‌లో పెద్ద నల్లవాళ్ల ఆసుపత్రికి నర్సింగ్ డైరెక్టరు అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం నల్ల నర్సులను కోటా పెట్టి ఆపితే, ఆ సంఘమే మేబుల్ స్టాపర్స్ నాయకత్వంలో కొట్లాడి 1945లో ఆ అడ్డు తీయించింది. 1951లో ఇక మన పని అయిపోయిందని ఆ సంఘాన్ని మూసేసినారు. తొందరపడినారని మా అభిప్రాయం.

మళ్లీ మన చట్టాల దగ్గరికి వస్తాము. 1992 నవంబరులో మండల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదన్నది. 1995లో 77వ సవరణతో ఎస్.సి., ఎస్.టి.లకు దాన్ని తిరిగి తెచ్చుకున్నాము. 2001లో 85వ సవరణతో సీనియారిటీ కూడా వచ్చింది. మన రాష్ట్రంలో 2003లో జీవో నెంబరు 5 వచ్చింది, ప్రమోషన్లలో ఎస్.సి.లకు 15 శాతం, ఎస్.టి.లకు 6 శాతం. అయితే ఆ జీవోలో ఒక మాట ఉంది. ఐదు పోస్టులకు మించి ఉన్న కేడరుకే ఇది వర్తిస్తుంది. కింద వందల పోస్టులు, అక్కడ వర్తిస్తుంది. పైకి పోయే కొద్దీ పోస్టులు ఐదు, నాలుగు, రెండు. నిర్ణయాలు జరిగే కాడికి వచ్చేసరికి రోస్టరు ఆగిపోతుంది! ఇది ఎవరో కుట్ర చేసి రాసినారని మేమనము. దానివల్ల నష్టపోయేది ఎవరో మాత్రం అందరికీ కనబడుతూనే ఉంది.

ఇంకొక మాట మన వాడల్లోనే గుసగుసగా మాట్లాడుకునేది, సభలో చెప్పల్ల. మన నర్సుల్లో చాలామంది దేవుని మందిరానికి పోయే వాళ్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన మాల, మాదిగలు ఎస్.సి.లు కారు. మన రాష్ట్రంలో వాళ్లను బి.సి.-సి. అని 1 శాతం కింద పెట్టినారు. బి.సి.లకు ప్రమోషన్లలో రిజర్వేషన్ లేదు. అంటే, ఏ మిషన్ మన ఆడబిడ్డకు నర్సు చదువు చెప్పిందో, ఆ మిషన్ దేవుణ్ణి నమ్మినందుకే ఆమె ప్రమోషన్ పోతున్నది. సర్టిఫికెట్టులో ఒకటి, మనసులో ఒకటి పెట్టుకొని బతికే అక్క పైకి పోయే టైముకు ఎవడో ఒకడు ఆకాశరామన్న ఉత్తరం రాస్తాడు. ఆ భయంతోనే ప్రమోషన్ వద్దని రాసిచ్చిన వాళ్లను మేమెరుగుదుము. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి ఆడమనిషి కేసులో ఉద్యోగం కోసం మతం మాట మార్చడం చెల్లదన్నది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే విషయం మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మందిరానికి పోయినా మాదిగ గేరి మాదిగ గేరే, బావి దగ్గర దేవుడు మారినాడని ఎవరూ దారివ్వలేదు. మేము చెప్పేది ఇదే.

వర్గీకరణ సంగతి కూడా అడుగుతారు. 1994లో మొదలైన దండోరా పోరాటం 2025లో మన రాష్ట్రంలో చట్టరూపం దాల్చింది. రెల్లి గ్రూపుకు 1, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5. దాని మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి, ఈపొద్దు ఆ తగువు పెట్టుకోము. ఒక్కటే అడుగుతాము. ఏ గ్రూపు వాటాలోనైనా ఆడవాళ్ల వాటా ఎంత అని మన సంఘాలు ఎప్పుడైనా అడిగినాయా? మా సంఘం సమావేశాల్లోనే తీర్మానం మగవాళ్లు రాస్తే టీ గ్లాసులు ఆడవాళ్లు కడుగుతున్నారు. మాకూ వర్తిస్తుంది ఈ మాట. సావిత్రిబాయి 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు కొడుకు యశ్వంత్‌తో కలిసి ఆసుపత్రి నడిపించి, రోగిని మోసి, ఆ రోగంతోనే మార్చి 10న చనిపోయింది. మనం ఆమె బొమ్మ కింద టీచరు అని మాత్రమే రాస్తాము. ఆసుపత్రి నడిపిన మనిషి అని కూడా రాయల్ల.

ఇప్పుడు చేసే పని. సర్వీసులో ఉన్న ఏ.ఎన్.ఎం.లను జీతంతో జి.ఎన్.ఎం.కు, జి.ఎన్.ఎం.లను రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.కి పంపల్ల. ఎంతమందిని పంపినారో జిల్లా వారీగా, కులం వారీగా చెప్పల్ల. ఆసుపత్రి పరిపాలన చదువుల్లో, అంటే హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ కోర్సుల్లో, నర్సులకు సీట్లు, మన పిల్లలకు ఫీజులు అడగల్ల. ఆపరేషన్ చెయ్యాల్సిన సర్జను టెండరు కాగితాల మీద సంతకాలు పెడుతూ కూర్చుంటే రోగికీ నష్టమే. వార్డు తెలిసిన నర్సుకు ఆ బాధ్యత ఎందుకు ఇవ్వరో సర్కారు చెప్పల్ల. ఇవి కొట్లాడితే గాని రావు, కాలం పడుతుంది.

బడిలో మా వంతు మేము మొదలుపెట్టినాము. పదో తరగతి పిల్లలకు మూడు నిచ్చెనలూ నల్లబల్ల మీద గీసి చూపిస్తున్నాము, ఏది ఎన్ని మెట్లో. పోయిన సంవత్సరం నలుగురు ఆడపిల్లలు బైపీసీకి పోయినారు. ఒక తండ్రి మా మీద కోప్పడినాడు, ఇంకో రెండేండ్లు ఎవరు సాకల్ల అని. ఆయన కోపం న్యాయమైందే. ఆ పాప హాస్టలు సీటు కోసం మూడుసార్లు తిరిగినాము. వచ్చింది.

ఈరోజే అయ్యే పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం మీ సీనియారిటీ లిస్టు, మీ కేడరు రోస్టరు రిజిస్టరు నకలు అడగొచ్చు. జిల్లా ఆఫీసుకైతే 10 రూపాయలు, మండలం ఆఫీసుకు 5, పల్లెలో అయితే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వల్ల. ఎవరూ ఒంటరిగా పెట్టొద్దు, పదిమంది కలిసి పెట్టండి, అప్పుడు కోపం పదిమంది మీదికి పంచుకపోతాది. ఆ తలుపు పక్కన బల్ల మీద దరఖాస్తు కాగితాలు పెట్టినాము, కార్బన్ పేపర్లు కూడా ఉన్నాయి. రాయడానికి మా బడి పిల్లలు ఇద్దరు కూర్చున్నారు. మా చిన్నమ్మ కూడా వచ్చింది, ముందు వరుసలో ఉంది. రిటైరైనా ఆమె కాగితమే మొదట రాయిస్తానంటున్నాది, ఆ మూడేండ్లు ఎక్కడ పోయినాయో అడగడానికి. టీ అయినాక అందరూ ఆ బల్ల దగ్గరికి రండి. ఈసారి గ్లాసులు మేము కడుగుతాము.